ప్రాణభీతి - పరప్రాణము

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రాజమార్గముపై కోదాడ దాటిన పిమ్మట జగ్గయ్యపేట వచ్చును. ఒకప్పుడు ఈ రెండు ఊళ్ల నడుమ నిజాము రాజ్యమునకును మదరాసు రాష్ట్రమునకును ఎల్ల ఉండెడిది. ఎల్లకు ఆవలివైపున 1860 నాటి భారత శిక్షాస్మృతియు, ఈవలివైపున హైదరాబాదు సంస్థానపు శిక్షాస్మృతియు అమలులో ఉండెడివి. 1951 ఏప్రిల్ 1వ తేదీ నుండి భారత శిక్షాస్మృతి కోదాడకు కూడ వర్తించినది. 2024 జూలై 1వ తేదీ నుండి దాని స్థానమున భారతీయ న్యాయ సంహిత వచ్చినది. ఏలికలు మారిరి, చట్టముల పేర్లు మారినవి, కాని 1860లో వ్రాసిన ఒక నియమము మాత్రము చెక్కుచెదరక నిలిచి యున్నది. పాత స్మృతిలో అది 94వ సెక్షను. కొత్త సంహితలో 32వ సెక్షను. ప్రాణభీతిచే ఒకడు చేసిన నేరమును చట్టము ఎంతవరకు మన్నించును? నిరపరాధిని చంపినను మన్నించునా? ఇదియే నేటి ప్రసంగ విషయము.

ఈ నియమమునకు శాసనకర్తలే ఒక ఉదాహరణము నిచ్చిరి. దోపిడి దొంగలు ఒక కమ్మరిని పట్టుకొని, తక్షణమే చంపుదుమని బెదిరించి, అతని పనిముట్లతో ఒక ఇంటి తలుపు బద్దలు కొట్టించి, ఆ యింటిని దోచుకొనిరి. అట్టి కమ్మరికి శిక్ష లేదు. చేయి అతనిదే కాని, సంకల్పము అతనిది కాదు.

ఆ కథను మనము మరికొంత పొడిగించి చూతము. తలుపు ఊడినది. లోపల మంచముపై నున్న వృద్ధుడొకడు మేల్కొని కేక వేయబోయెను. దొంగల నాయకుడు తుపాకి గొట్టమును కమ్మరి కణతకు ఆనించి, ఆ ముసలివాని తలపై సుత్తితో కొట్టుమని ఆజ్ఞాపించెను. అదే రాత్రి, అదే సుత్తి, అదే తుపాకి, అదే భయము. కమ్మరి కొట్టెను, వృద్ధుడు మరణించెను. ఇచ్చట చట్టము తన మన్నింపును ఉపసంహరించుకొనును. ఏలయన, ఆ సెక్షను తొలి పలుకులలోనే హత్యయు, మరణశిక్షకు తగిన రాజ్యవిరుద్ధ నేరములును మినహాయింపబడి యున్నవి.

తక్కిన నేరముల విషయమున సయితము ఈ మన్నింపు సులభముగా లభించునది కాదు. బెదిరింపు తక్షణ మరణమును గూర్చినదై యుండవలెను. కొట్టుదుమన్నను, వాములు తగులబెట్టుదుమన్నను చాలదు. అంతేకాదు, చావు భయము నేరము చేసిన వానికే కలిగి యుండవలెను. తండ్రి కన్నుల యెదుట బిడ్డ మెడపై కత్తి పెట్టినను, ఆ తండ్రికి ఈ సెక్షను అక్షరములలో ఆశ్రయము కానరాదు. తనంత తానుగా దొంగల ముఠాలో చేరినవాడును, దెబ్బలకు వెరచి చేరినవాడును పిమ్మట బలవంతమను మాట ఎత్తరాదు.

ఇది కేవలము గ్రంథములలోని చిక్కుప్రశ్న యని కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతములవారు అనుకొనజాలరు. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాట కాలమున నల్లగొండ జిల్లా పల్లెలు తుపాకుల నడుమ బ్రతికినవి. రజాకార్లు వచ్చిరి, దళములు వచ్చినవి, 1948 సెప్టెంబరులో సైన్యము వచ్చినది. తుపాకి పట్టిన ప్రతివానికిని దారి చూపువాడును, అన్నము పెట్టువాడును కావలెను. తుపాకి లేనివాడు అట్టి రాత్రివేళ కాదనగలడా? చంపుదురను భయముచే అన్నము పెట్టినవానిని చట్టము మన్నింపగలదు. కాని అతడు చూపిన త్రోవ ఒక హత్యకు దారి తీసినచో? అప్పుడు అతనికి ఏమి తెలిసియుండెను, అతడు ఎంతవరకు పాల్గొనెను అను సంగతులను న్యాయస్థానము విచారింపవలసి యుండును.

ఈ విషయమున మహామహులైన న్యాయమూర్తులే తడబడిరి. ఉత్తర ఐర్లండులో సాయుధులు బెదిరింపగా కారు నడిపి, వారిని ఒక పోలీసు ఉద్యోగి హత్యాస్థలమునకు చేర్చిన లించ్ అనువాడు బలవంతమను వాదమును వినిపింపవచ్చునని 1975లో ఇంగ్లండు ప్రభువుల సభ తీర్పు చెప్పినది. పండ్రెండేండ్లు తిరుగకమునుపే, 1987లో, హోవ్ అనువాని వ్యాజ్యములో ఆ సభయే తన మాటను వెనుకకు తీసికొన్నది. స్వయముగా చంపినవానికిని, తోడ్పడిన వానికిని కూడ హత్య విషయమున ఆ వాదము చెల్లదన్నది.

చట్టమునకు ఇంత కాఠిన్యమెందులకు? మొదటి కారణము: నా ప్రాణము నాకు తీపియే, కాని ఎదుటివాని ప్రాణము నా సొత్తు కాదు. నా అప్పును ఎరుగని పొరుగువాని ఇల్లమ్మి తీర్చుటకు నాకు హక్కు లేదు కదా! ఛాందోగ్యోపనిషత్తులో ఉషస్తి యను పండితుని కథ కలదు. క్షామకాలమున అతడు మావటివాని ఎంగిలి గింజలు తిని ప్రాణము నిలుపుకొనెను. కాని అతడిచ్చిన ఎంగిలినీరు త్రాగలేదు. గింజలు లేనిదే బ్రతుకడు. నీరన్ననో వేరుచోట దొరకును. ఆపద్ధర్మమునకు సయితము హద్దు కలదు. అది మన ఆచారమును, మన సొమ్మును బలిగొనవచ్చును. పరుని ప్రాణమును కాదు. రెండవ కారణము: బెదిరించి చంపించినచో చంపినవానికి శిక్ష లేదని ముందే ప్రకటించినచో, ప్రతి ముఠా నాయకునికిని చట్టమే ఒక ఆయుధమును చేతికిచ్చినట్లగును.

ఈ రెండును బలమైన కారణములే. అయినను ఎదురు పక్షము మాటయు వినవలెను. తనదాక వచ్చినగాని తెలియదందురు. దీపపు వెలుగులో ఆసనముపై కూర్చుండి, కణతకు తుపాకి తగిలినవానిని చావవలసినదని చెప్పుట తేలిక. చట్టము సామాన్యునికై పుట్టినది; వీరునికై కాదు. పైగా మన చట్టములోనే ఒక వింత కలదు. ఆకస్మికముగా కలిగిన తీవ్రమైన ప్రకోపముచే నిగ్రహము కోల్పోయి చంపినవాని నేరమును చట్టము హత్యనుండి తగ్గించి, తక్కువ శిక్షగల నరహత్యగా పరిగణించును. అట్టి మినహాయింపులు ఐదు కలవు. ప్రాణభయము వానిలో లేదు. కోపమునకు దొరకిన దయ భయమునకు దొరకలేదు!

మరియొక చోట చట్టమే మెత్తబడినది. అల్లరిమూక ఒకనిని చంపవచ్చుచుండగా, దానిలో పిల్లలు కలిసియున్నను, వేరు గతి లేక అతడు ఆత్మరక్షణకై కాల్పులు జరిపి పిల్లలకు హాని కలిగించినచో నేరము కాదని పాత స్మృతి 106వ సెక్షను చెప్పినది. కొత్త సంహితలో అది 44వ సెక్షను. అచ్చట గురి దుర్మార్గునిపై. పిల్లలకు తగులుట అనివార్యమైన ప్రమాదము. కమ్మరి సుత్తికి మాత్రము గురి నిరపరాధియే. ఈ భేదము సూక్ష్మమైనను నిజమైనది.

ఇక మన కాలమున ఈ ప్రశ్న హేగు నగరమునందలి ఒక అంతర్జాతీయ నేర విచారణ న్యాయస్థానము ముందునకు వచ్చినది. 1995 జూలైలో బోస్నియాలోని స్రెబ్రెనిత్సా పట్టణము పతనమైన పిమ్మట, బందీలను వరుసగా నిలిపి కాల్చివేయు పనికి ఎర్దెమోవిచ్ అను యువసైనికుని నియోగించిరి. తాను నిరాకరించితిననియు, జాలి కలిగినచో నీవును వారి ప్రక్కన నిలువుమని తనతో చెప్పిరనియు అతడు న్యాయస్థానమున తెలిపెను. తన చేత డెబ్బదిమంది వరకు చచ్చియుందురని తానే ఒప్పుకొనెను. 1997 అక్టోబరులో అప్పీలు విన్న ఐదుగురిలో ముగ్గురు న్యాయమూర్తులు, నిరపరాధులను చంపుటకు బలవంతము సంపూర్ణమైన సమాధానము కాజాలదనిరి. అతడు చచ్చినను ఆ బందీలు బ్రతుకనిచో ఆ వాదమును వినవలెనని న్యాయమూర్తి కస్సేసీ భిన్నాభిప్రాయము వ్రాసెను. తుదకు 1998 మార్చిలో అతనికి ఐదేండ్ల శిక్ష విధించిరి. దోషి యని చెప్పిరి. కాని శిక్షను నిర్ణయించునపుడు అతని భయమును తూకములో వేసిరి.

మన న్యాయమూర్తి చేతిలో ఆ త్రాసు లేదు. హత్య రుజువైనచో మన చట్టము ప్రకారము మరణశిక్ష గాని, యావజ్జీవ కారాగారము గాని విధింపవలసినదే. డబ్బునకై చంపినవానికిని, తుపాకి మొనపై చంపినవానికిని కనీసశిక్ష ఒక్కటియే. అటుపిమ్మట మిగిలినది గవర్నరు, రాష్ట్రపతుల క్షమాధికారము. అనగా హక్కు కాదు, అనుగ్రహము.

కావున నాకు తోచునది ఇది. నిరపరాధిని చంపుట నేరము కాదని చట్టము ఎన్నడును చెప్పరాదు. చనిపోయినవాని పక్షమున మాటలాడుటకు చట్టము తప్ప వేరెవరును లేరు. కాని ఆ ఐదు మినహాయింపుల సరసన ఆరవది యొకటి చేర్చి, తక్షణ మరణభీతిచే చేసిన హత్యను తక్కువ తరగతి నేరముగా పరిగణించుట న్యాయము. కోపమునకు చోటిచ్చిన చట్టము భయమునకును చోటీయవలెను. బెదిరించి చంపించినవానికి మాత్రము ఒక్క దినమైనను శిక్ష తగ్గనక్కరలేదు.

అప్పుడు మన కమ్మరి న్యాయస్థానమున నిలిచి రెండు మాటలు వినును. నీవు చేసినది తప్పు అనునది మొదటిది. నీవున్న స్థితిని మేమెరుగుదుము అనునది రెండవది. నేటి చట్టము మొదటి మాటను మాత్రమే పలుకుచున్నది. రెండవదియు పలికిననాడు, చనిపోయిన వృద్ధునికిని, బ్రతికియున్న కమ్మరికిని న్యాయము జరుగును.