బయటివారి వైపు ఓటరు ఎందుకు మొగ్గుతాడు?

(యూసుఫ్‌గూడలో జరిగిన ఓటర్ల చైతన్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనం ఎక్కడ కూర్చుని మాట్లాడుకుంటున్నామో ముందు గుర్తుచేసుకుందాం. ఈ నియోజకవర్గం పేరు జూబ్లీహిల్స్. ఆ పేరు వినగానే దూరప్రాంతాలవారికి సినిమా తారల బంగళాలు కళ్ళముందు మెదులుతాయి. నిజానికి ఆ బంగళాలలో, ఫిల్మ్‌నగర్‌లో అధికభాగం పక్కనున్న ఖైరతాబాద్ నియోజకవర్గంలోకి పోయింది. మనకు దక్కినవి బోరబండ, రహమత్‌నగర్, ఎర్రగడ్డ, షేక్‌పేట, యూసుఫ్‌గూడ. తెరమీద కథానాయకుని వెనుక గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, డ్రైవర్లు అద్దెగదులలో కాలం గడిపే కృష్ణానగర్ కూడా మనదే. పేరు కొండమీదివారిది, ఓట్లు కొండకిందివారివి.

నేటి మన ప్రశ్న ఇది. పంచాయతీ సభ్యత్వమైనా చేయనివారిని, ఏ పార్టీలోనూ మెట్టుమెట్టు ఎక్కిరానివారిని ఓటర్లు ఎందుకు నెత్తిన పెట్టుకుంటారు? ఇది మన ఒక్కరి విషయం కాదు. అమెరికాలో అధ్యక్ష పదవికి ఏ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఆ పార్టీ ఓటర్లే రాష్ట్రాలవారీగా ఓటువేసి తేలుస్తారు. ఆ పద్ధతిని ప్రైమరీ అంటారు. వాటర్‌గేట్ కుంభకోణంతో 1974లో నిక్సన్ దిగిపోయిన పిమ్మట, 1976లో జార్జియా మాజీ గవర్నరైన జిమ్మీ కార్టర్ వాషింగ్టన్‌తో సంబంధం లేకపోవడమే తన అర్హతగా చెప్పుకుని గెలిచాడు. 2016లో రిపబ్లికన్ పార్టీలో 17 మంది పోటీపడగా, అంతవరకు ఏ ప్రజాపదవీ నిర్వహించని వ్యాపారి డొనాల్డ్ ట్రంప్ గవర్నర్లను, సెనేటర్లను దాటుకుని అభ్యర్థి అయ్యాడు. అంటే అక్కడ బయటివాడు ఉన్న పార్టీనే స్వాధీనం చేసుకోగలడు. మన దేశంలో టికెట్టు అధిష్ఠానం చేతిలో ఉంటుంది. అందువల్ల ఇక్కడి బయటివాడు పార్టీని పట్టుకోలేడు, కొత్తది పెట్టుకోవలసిందే. నందమూరి తారక రామారావుగారు చేసినది అదే.

ఆ కథ మనలో పెద్దవారందరికీ తెలిసినదే అయినా దానిలోని కారణాలను మరొకసారి విడదీసి చూడవలసి ఉన్నది. 1978 నుంచి 1983 వరకు ఆంధ్రప్రదేశ్‌కు నలుగురు ముఖ్యమంత్రులు మారారు. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఎవరు రావాలో, ఎవరు పోవాలో నిర్ణయించినది ఢిల్లీ. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యగారికి రాజీవ్ గాంధీ వలన జరిగిన అవమానం పత్రికలలో వచ్చినప్పుడు, అంజయ్యగారికి ఎన్నడూ ఓటువేయనివారు సైతం అది తమకు తగిలిన దెబ్బగానే భావించారు. ఆ సంవత్సరం మార్చి 29న తెలుగుదేశం పుట్టింది. 1983 జనవరిలో 294 స్థానాలలో 200కు పైగా గెలిచింది. తొమ్మిది నెలల పార్టీకి అన్ని సీట్లు ఎలా వచ్చాయి? రామారావుగారి అందం వల్లనే అనేవారు ఉన్నారు. అది సగం మాటే. 1949లో 'మనదేశం' చిత్రం నుంచి ఆయన ముఖం జనానికి పరిచయమే. ముప్ఫై ఏళ్ళపాటు రాముడు, కృష్ణుడు, కన్నీళ్ళు తుడిచే పెద్దకొడుకు. పదవికి ఆయన కొత్త, ఇంటికి పాత. ఈ రెండూ ఒకే మనిషిలో కలవడమే సినీతారకు ఉన్న బలం. ఒక డాక్టరో, ఒక ఉపాధ్యాయుడో ఎంత మంచివాడైనా రాష్ట్రమంతటా ఇంటికి పాత కాలేడు.

మా వంటి విశ్రాంత గుమాస్తాలకు ఇందులో మరొక సంగతి తోస్తుంది. ఎవరి పేరున ఫైలు లేదో వారి మీద రిమార్కు కూడా ఉండదు. ఇరవై ఏళ్ళు శాసనసభ్యుడుగా ఉన్నవాని దగ్గర జనం ఇరవై ఏళ్ళ లెక్క అడుగుతారు. పడని రోడ్డు, రాని పింఛను, తిరిగి తిరిగి అరిగిన చెప్పులు, అన్నీ అతని ఖాతాలోనే. కొత్తవాని పుస్తకం తెల్లకాగితం. దాని మీద ఓటరు తనకు కావలసినది తానే రాసుకుంటాడు. రైతు ఒకటి, గుమాస్తా ఒకటి, పాతబస్తీలోని చేతిపనివాడు మరొకటి. అందరూ ఒకరికే ఓటువేశారు గాని ఒకే విషయానికి ఓటువేయలేదు.

తెల్లకాగితం నిండడం మొదలైన తరువాత ఏమి జరిగినదో చూడండి. కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. అది పేదవాని కడుపులోకి నేరుగా చేరిన మేలు. మన బస్తీలకూ చేరింది, ఆ మాట దాచనక్కరలేదు. అదే సంవత్సరం ఫిబ్రవరిలో ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు 58 నుంచి 55కు తగ్గించగా, వేలమంది ఒక్కసారిగా ఇంటికి వెళ్ళారు. ఓటువేసి గెలిపించిన ఉద్యోగ కుటుంబాలే వీధిన పడ్డాయి. తరువాత దానిని మళ్ళీ 58కి మార్చవలసి వచ్చింది. మంచికైనా చెడుకైనా బయటివాడు వేగంగా కదులుతాడు. నోట్ ఫైలు మీద అడ్డు చెప్పే పాతకాపులు ఆయన చుట్టూ ఉండరు.

1984 ఆగస్టులో రామారావుగారిని గవర్నరు తొలగించినప్పుడు శాసనసభ్యులను చేజారకుండా నాచారంలోని రామకృష్ణా స్టూడియోలో ఉంచి, అటుపైన కర్ణాటకకు తరలించారు. సినిమా స్టూడియో ప్రజాస్వామ్యానికి విడిది అయిన ఆ రోజులను నేటికీ పండుగలాగా చెప్పుకుంటారు. ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వాన్ని తిరిగి నిలబెట్టిన పోరాటం కనుక ఆ గౌరవం దానికి తగినదే. అయితే పెద్దల మధ్య కుర్చీ కోసం పెనుగులాట సాగిన ఆ సెప్టెంబరులోనే హైదరాబాదులో మతఘర్షణలు చెలరేగి కర్ఫ్యూ పెట్టారన్న సంగతిని ఆ కథ చెప్పేవారు చాలామంది వదిలేస్తారు. రోజుకూలీ లేక పొయ్యి వెలగని ఇళ్ళు ఎవరివో మనకు తెలుసు.

తరువాత వచ్చినవారి సంగతి క్లుప్తంగా చెబుతాము. చిరంజీవిగారు 2008 ఆగస్టు 26న తిరుపతిలో ప్రజారాజ్యం స్థాపించారు. 2009లో 18 స్థానాలు వచ్చాయి. స్వయంగా ఆయన పాలకొల్లులో ఓడి తిరుపతిలో గెలిచారు. 2011లో పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. మార్పు కోసం ఓటువేసిన లక్షలమంది, ఏ పార్టీని కాదని ఓటువేశారో దానిలోనే తేలారు. పవన్ కల్యాణ్‌గారు 2014లో జనసేన పెట్టి, 2019లో రెండుచోట్లా ఓడి, 2024లో తెలుగుదేశం, భారతీయ జనతా పార్టీలతో కలిసి పోటీచేసిన 21 స్థానాలూ గెలిచి ఉపముఖ్యమంత్రి అయ్యారు. ఆయన ఓపికను మెచ్చుకోవలసిందే. అయితే ఆయన అభిమానులలో మన పిల్లలు కూడా అసంఖ్యాకంగా ఉన్నారు. పొత్తు ఎవరితో అన్నది నిర్ణయించేటప్పుడు ఆ పిల్లలను ఎవరూ అడగలేదు. అభిమాన సంఘానికి సభ్యత్వం ఉంటుంది గాని తీర్మానం చేసే హక్కు ఉండదు.

ఇక మనకు నేరుగా తగిలే ప్రశ్న. బయటివాడు అనిపించుకునే భాగ్యం అందరికీ ఉన్నదా? డబ్బు, కులబలం, ముప్ఫై ఏళ్ళ కీర్తి ఉన్నవాడు బయటినుంచి వస్తే ప్రభంజనం అంటారు. బోరబండ నుంచి ఒక ముస్లిం యువకుడు స్వతంత్రుడుగా నామినేషన్ వేస్తే ఓట్లు చీల్చడానికి వచ్చాడంటారు. మన ఎదుటనే జరిగినది చూడండి. 2014లో నవీన్ యాదవ్‌గారు మజ్లిస్ టికెట్టు మీద ఇక్కడ రెండవ స్థానంలో నిలిచారు. ఆయన గెలవడానికి 2025 నవంబరు ఉపఎన్నిక దాకా ఆగి కాంగ్రెస్ టికెట్టు తెచ్చుకోవలసి వచ్చింది. పెద్ద కీర్తి గల అజహరుద్దీన్‌గారు 2023లో ఇక్కడ పోటీచేసి మాగంటి గోపీనాథ్‌గారి చేతిలో ఓడిపోయారు. 2023 డిసెంబరులో ఏర్పడిన మంత్రివర్గంలో దాదాపు రెండేళ్ళపాటు ఒక్క ముస్లిం లేడు. 2025 అక్టోబరు 31న, ఈ ఉపఎన్నిక పోలింగుకు పదకొండు రోజుల ముందు, అజహరుద్దీన్‌గారు మంత్రిగా ప్రమాణం చేశారు. అప్పటికి ఆయన ఏ సభలోనూ సభ్యులు కారు. మనవారికి పదవి వచ్చినందుకు సంతోషించాము. తారీఖును కూడా గుర్తుపెట్టుకున్నాము.

బయటివాడు వస్తే మనకు మేలేనని అనుకోవడానికీ వీలులేదు. ట్రంప్ 2015 డిసెంబరులో ముస్లింలను దేశంలోకి రానివ్వరాదన్నాడు. 2017 జనవరిలో పదవిలోకి వచ్చిన వారానికే ముస్లింలు అధికంగా ఉన్న ఏడు దేశాలవారిపై నిషేధపు ఉత్తర్వు జారీచేశాడు. అదే దేశంలో, అదే ప్రైమరీ పద్ధతిలో, 2025 జూన్‌లో న్యూయార్క్ మేయరు పదవికి జోహ్రాన్ మమ్దానీ మాజీ గవర్నరు కువోమోను ఓడించాడు. ఆయన ముస్లిం, చిత్రదర్శకురాలు మీరా నాయర్ కుమారుడు. ఇంటి అద్దెల పెంపు నిలుపుదల, ఉచిత బస్సు అంటూ తాను చేయబోయేది పేరుపెట్టి చెప్పాడు. నవంబరులో మేయరుగా ఎన్నికయ్యాడు. బయటివారిద్దరూ ఒకే తలుపు గుండా వచ్చారు. కాబట్టి చూడవలసినది తలుపును కాదు, చేతిలోని కాగితాన్ని.

కాగితం సంగతి వచ్చింది గనుక 4 శాతం రిజర్వేషన్లను తలచుకోకుండా ముందుకు పోలేము. ఉమ్మడి రాష్ట్రంలో మన పిల్లలకు మెడికల్, ఇంజనీరింగ్ సీట్లు తెచ్చిపెట్టినది ఏ ప్రభంజనమూ కాదు. 2004లో రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వం 5 శాతం ఉత్తర్వు ఇచ్చింది, హైకోర్టు కొట్టివేసింది. 2005లో చట్టం చేసింది, అదీ కొట్టివేశారు. మూడవసారి, విశ్రాంత ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్‌గారు మనలో వెనుకబడినవారెవరో వృత్తులవారీగా గుర్తించి 2007లో నివేదిక ఇచ్చారు. అత్తరు సాయిబులు, ఫకీర్లు, తురక కాశలు, ధోబీలు, ఇటువంటి 14 వర్గాలను బి.సి.-ఇ కింద చేర్చి 4 శాతం ఇచ్చారు. 2010లో హైకోర్టు మళ్ళీ కొట్టివేయగా, అదే సంవత్సరం మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నిలిచింది. చేసినది జీవితమంతా పార్టీలో గడిపిన ముఖ్యమంత్రి, నిలబెట్టినది ఫైలు తెలిసిన ఒక అధికారి. రెండుసార్లు కోర్టులో వీగిపోయిన తరువాత కూడా మూడవ ఫైలు తెరవడానికి కావలసిన మొండితనం సినిమా ఉపన్యాసాలలో కనిపించదు.

అలాగని పాతకాపులనే పట్టుకు వేలాడమని మా ఉద్దేశం కాదు. కొత్తవాని కోసం జనం చూసే ఎదురుచూపు న్యాయమైనది. ఈ నియోజకవర్గంలో సుమారు 4 లక్షల ఓటర్లు ఉండగా 2025 ఉపఎన్నికలో సగంమంది కూడా పోలింగు కేంద్రానికి రాలేదు. పాతవారిమీద విసుగు, కొత్తవాడు కనపడకపోవడం, ఈ రెండింటి కొలత ఆ అంకెలోనే ఉన్నది. మనకు ప్రైమరీ లేదు. టికెట్టు ప్రకటించిన పిమ్మట మన గుమ్మంలోకి వచ్చేవాడు మన ఓట్ల లెక్క అప్పటికే వేసుకుని వస్తాడు. కాబట్టి టికెట్టు తేలకముందే ఆశావహులందరినీ, పాతవారైనా కొత్తవారైనా, సినిమావారైనా కార్పొరేటర్లైనా, ఇటువంటి హాలుకే పిలవాలని మేము ప్రతిపాదిస్తున్నాము. బి.సి.-ఇ ధ్రువపత్రం ఎన్ని రోజులలో ఇప్పిస్తారు? ఖబరస్తాన్‌కు స్థలం ఏ సర్వే నంబరులో చూపిస్తారు? పార్టీ పొత్తు మారితే మీరు ఏమి చేస్తారు? సమాధానం నోటితో కాదు, సంతకంతో కావాలి. ఆ కాగితాలను మసీదు గోడకు అంటించవద్దు, ఎన్నికల నియమావళి ఒప్పదు. మన సంఘం కార్యాలయం బోర్డు చాలు. వరుసగా పేర్లు రాసి, ఒక్కొక్క పేరు ఎదుట వారి జవాబు పెడదాం. జవాబు ఇవ్వనివారి గడిని ఖాళీగానే వదులుదాం, పోలింగు రోజు వరకు.