మద్యం కొనుగోలు వయసు – విశ్వాసుల బాధ్యత

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన మానవునికి బుద్ధిని ప్రసాదించాడు; ఆ బుద్ధిని కాపాడుకోవడాన్ని విధిగా నిర్ణయించాడు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులందరిపైన శాంతి శుభాలు వర్షించుగాక! అమ్మా బాద్.

ప్రియ ధార్మిక సోదరులారా! ముందుగా మాకూ మీకూ తఖ్వాను, అంటే దైవభీతిని, గుర్తుచేసుకుంటున్నాము. నేడు మన ముందున్న అంశం మద్యం కొనడానికి చట్టం నిర్ణయించిన కనీస వయసు. ఆ వయసును ఇంకా పెంచాలనే మాట సమాజంలో వినిపిస్తూనే ఉంటుంది. మద్యాన్ని ఏ వయసులోనూ ముట్టరాదని నమ్మే మనం ఈ చర్చలో పాలుపంచుకోవచ్చునా? పంచుకుంటే, మనపై పడే బాధ్యత ఏమిటి?

మన రాజ్యాంగం మద్యం వ్యవహారాన్ని రాష్ట్రాల చేతిలో ఉంచింది. అందువల్ల ఈ వయసు ఒక్కోచోట ఒక్కో విధంగా ఉన్నది. మన ఆంధ్రప్రదేశ్‌లో అది 21 ఏళ్లు. కేరళ ప్రభుత్వం 2017లో 21 నుండి 23కు పెంచింది. హర్యానా 2021లో 25 నుండి 21కి తగ్గించింది. కర్ణాటకలో 2023 జనవరిలో 21ని 18కి తగ్గించాలని ముసాయిదా వెలువడగా, ప్రజల అభ్యంతరాల వల్ల ప్రభుత్వం దానిని విరమించుకున్నది. అంటే ఈ అంకె ప్రజలు నోరు తెరిస్తే ఒక వైపుకు, నోరు మూసుకుంటే మరొక వైపుకు జరుగుతుంది. అమెరికాలో 1984 నాటి చట్టం తరువాత అన్ని రాష్ట్రాలూ 21 ఏళ్ల నియమానికి వచ్చాయి. దానివల్ల యువకుల రోడ్డు మరణాలు తగ్గాయని అక్కడి పరిశోధనలు తెలిపాయి. గుంటూరు, చిలకలూరిపేట, ఒంగోలు మీదుగా పోయే జాతీయ రహదారి పక్కన నివసించే మనకు ఆ మాట విలువ ఎంతో వేరే చెప్పనక్కరలేదు.

అయితే కొందరు సోదరులు ఒక సందేహం వెలిబుచ్చుతారు. “ఇరవై మూడేళ్ల వరకు అమ్మవద్దని మనం కోరితే, ఇరవై నాలుగో ఏట తాగవచ్చునని ఒప్పుకున్నట్లు కాదా?” అని. ఇది తేలికగా తీసివేయదగిన సందేహం కాదు. దీనికి సమాధానం దివ్య ఖురాన్ అవతరించిన క్రమంలోనే ఉన్నది.

అరబ్బుల జీవితంలో మద్యం నీళ్లలా కలిసిపోయి ఉండేది. అల్లాహ్ మొదట బఖరా సూరా 219వ ఆయతులో, దానిలో ప్రయోజనం కొంత ఉన్నా పాపమే అంతకంటే పెద్దదని తెలియజేశాడు. ఆ తరువాత నిసా సూరా 43వ ఆయతులో, మత్తులో ఉన్నప్పుడు నమాజు దరిదాపులకు రావద్దని ఆదేశించాడు. రోజుకు ఐదు పూటల నమాజు చేసేవాడికి తాగే సమయం ఎంత మిగులుతుంది? చివరకు మాయిదా సూరా 90, 91 ఆయతులలో మద్యాన్ని షైతాను చేసే మాలిన్యంగా ప్రకటించి, దానికి పూర్తిగా దూరం కమ్మని ఆజ్ఞాపించాడు. మొదటనే మద్యం మానండని ఆదేశం వచ్చి ఉంటే జనం మానేవారు కాదని విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) వివరించినట్లు బుఖారీ గ్రంథంలో ఉన్నది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆ మెట్లు మనకు ముగిసిపోయాయి. ధర్మం పరిపూర్ణమైన తరువాత ఏ ముస్లిమూ “నేనింకా మొదటి మెట్టు మీదనే ఉన్నాను” అనడానికి వీలులేదు. మనకు మద్యం ఏడేళ్లప్పుడూ హరామే, డెబ్బై ఏళ్లప్పుడూ హరామే. కాని మనం నివసించేది అనేక మతాల వారి ఉమ్మడి దేశంలో. ఇక్కడి చట్టం అందరిదీ. ఒక చెడును పూర్తిగా తొలగించే శక్తి లేనప్పుడు, తగ్గించగలిగినంత తగ్గించడం విధి అని మన ఫిఖ్ పండితులు స్పష్టం చేశారు. మత్తు పానీయాల నిషేధానికి రాజ్యం కృషి చేయాలని రాజ్యాంగంలోని 47వ అధికరణం కూడా చెబుతున్నది. కాబట్టి వయసు పెంచాలని కోరడం తప్పు కాదు. పొరుగువాని బిడ్డ క్షేమాన్ని కోరడమే అవుతుంది. పొరుగువాడు ఏ మతస్థుడైనా అతని హక్కు మనపై ఉన్నది.

సోదరులారా! ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. రాష్ట్రంలో 2024 అక్టోబరు 16 నుండి 3,396 ప్రైవేటు మద్యం దుకాణాల విధానం అమలులోకి వచ్చింది. క్వార్టరు సీసా 99 రూపాయలకు కూడా దొరుకుతున్నది. లైసెన్సు ఉన్న ఆ దుకాణంలో కనీసం వయసు అడగవలసిన నియమం ఉన్నది. మరి ఊరిలోని బెల్టు షాపు సంగతేమిటి? కిరాణా కొట్టు వెనుక గదిలో, టీ బంకులో, ఇంటి అరుగు మీద అమ్మే ఆ సీసాకు వేళాపాళా లేదు, లెక్కాపత్రం లేదు. అక్కడ వయసు అడిగేవాడెవడు? చట్టంలోని 21ని రేపు 25 చేసినా, ఆ అరుగు మీద అది చెల్లదు.

మన ప్రాంతం సంగతి మీకు తెలియనిది కాదు. పత్తి తీతలు మొదలైనది మొదలు మిరప కోతలు ముగిసేదాకా కూలి డబ్బు చేతులు మారుతూ ఉంటుంది. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు కూడా చేనుకు పోతారు, కల్లంలో కాయలు ఆరబోస్తారు, లారీలకు టిక్కీలు ఎత్తుతారు. సాయంత్రం చేతిలో కూలి పడుతుంది. ఆ పిల్లవాడికి మొదటి గుక్క ఎవరు పోస్తారు? చాలాసార్లు దుకాణదారు కాదు. పక్కన పనిచేసే పెద్దవాడు పోస్తాడు, ఒళ్లు నొప్పులు పోతాయని. పెళ్లి బరాత్‌లో బంధువు పోస్తాడు, మగవాడివి కావా అని. ఎన్నికల వేళ ఎవరో ఒకరు ఉచితంగా పంచుతారు. అన్నిటికంటే ఘోరం, కన్నతండ్రే డబ్బులిచ్చి, “పోయి తీసుకురా” అని కొడుకును బెల్టు షాపుకు పంపుతాడు. తెచ్చిన చేయి తాగడం నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది?

ఈ సందర్భంగా మదీనాలోని ఒక ఇంటిని గుర్తుచేసుకుందాము. హజ్రత్ అనస్ (రజి) అప్పటికి చిన్న వయసు వారు. హజ్రత్ అబూ తల్హా (రజి) ఇంట్లో పెద్దలందరూ కూర్చుని ఉండగా, వారికి ఖర్జూరపు మద్యం పోసే పని ఆయనది. వారందరిలో తానే చిన్నవాడినని ఆయనే తెలియజేశారు. ఇంతలో వీధిలో ప్రకటన వినిపించింది, మద్యం నిషేధించబడినదని. ఇంటి పెద్ద అబూ తల్హా (రజి) ఆ చిన్నవానితోనే దానిని పారబోయించారు. ఆనాడు మదీనా వీధుల్లో మద్యం పారింది. అక్కడ ఎక్సైజు సిబ్బంది లేరు, తనిఖీలు లేవు. పెద్దలు ముందు తాము మానారు. పోసిన పిల్లవాని చేతనే పారబోయించారు.

దైవప్రవక్త (స) మద్యం విషయంలో పదిమందిని శపించారని తిర్మిజీ గ్రంథంలో ఉన్నది. తాగేవాడు అందులో ఒక్కడు మాత్రమే. తీసేవాడు, తీయించుకునేవాడు, మోసేవాడు, ఎవరి కోసం మోస్తారో వాడు, పోసేవాడు, అమ్మేవాడు, దాని సొమ్ము తినేవాడు, కొనేవాడు, ఎవరి కోసం కొంటారో వాడు, వీరంతా అందులో ఉన్నారు. గమనించండి! చట్టం చిన్నవాని వయసు చూస్తుంది. మన ధర్మం ఆ సీసా చుట్టూ ఉన్న పెద్దల చేతులన్నిటినీ చూస్తుంది. బెల్టు షాపుకు గది అద్దెకిచ్చి, “నేను ముట్టను గదా” అనేవాడు ఆలోచించుకోవాలి. ఆ అద్దె దేని సొమ్ము? దానితో కొన్న బియ్యం పిల్లల కడుపులోకి పోతున్నది. కోత ముగిసినందుకు ముఠాకు సీసాలిచ్చే రైతు ఆలోచించుకోవాలి. ఆ ముఠాలో పదిహేడేళ్ల వాడు ఉన్నాడో లేడో ఆయన చూశాడా?

మన నేలకు ఈ విషయంలో ఒక చరిత్ర కూడా ఉన్నది. ప్రకాశం జిల్లాను ఆనుకొని ఉన్న నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న పేద మహిళలు 1992లో సారా దుకాణానికి ఎదురు నిలిచారు. ఆ ఉద్యమం ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధ చట్టం వచ్చింది. 1997లో అది సడలించబడింది. ఆ మహిళలు ప్రభుత్వాన్ని కదిలించకముందే తమ ఊరి దుకాణాన్ని కదిలించారు. చట్టం వారి వెనుక వచ్చింది. ఇందులో మనకు పాఠం ఉన్నది.

కాబట్టి సోదరులారా, వయసు పెంచాలని కోరే వినతిపత్రం ఎవరు తెచ్చినా సంతకం చేయండి. దానికంటే ముందు మన వాకిట చేయవలసినవి చేద్దాము. పిల్లవానిని సీసా కోసం పంపడం ఈ రోజుతో ఆగాలి. మన వారి గది ఏదైనా బెల్టు షాపుకు అద్దెకు ఉంటే ఖాళీ చేయించాలి. దానివల్ల రాబడి తగ్గిన కుటుంబానికి జమాఅత్ అండగా నిలవాలి. మన నికాహ్‌లలో, బరాత్‌లలో మద్యం కనిపిస్తే పెద్దలు అక్కడినుండి లేచి రావాలి. బెల్టు షాపు గురించి గ్రామసభలో అడగాలి, అన్ని మతాల వారినీ, ముఖ్యంగా తల్లులను కలుపుకొని అడగాలి. దైవప్రవక్త (స) ఏడేళ్ల వయసులోనే పిల్లలను నమాజుకు పిలవమన్నారు. చట్టం ఇరవై ఒకటో ఏట గుర్తుచేసుకునే పిల్లవానిని మనం ఏడో ఏటనే చేయి పట్టుకోవాలి.

ఇప్పటికే ఈ ఊబిలో దిగిన యువకులు ఈ మస్జిద్‌లో కూర్చుని ఉండవచ్చు. వారిని వేలెత్తి చూపకండి. ప్రవక్త (స) కాలంలో ఒక వ్యక్తి మాటిమాటికీ తాగి పట్టుబడేవాడు. అతనిని ఒకరు శపించగా ప్రవక్త (స) వారించి, అతనికి అల్లాహ్‌పై, ఆయన ప్రవక్తపై ప్రేమ ఉన్నదని సాక్ష్యమిచ్చారు. శిక్ష ఉన్నది, కాని వెలివేత లేదు. నాయనలారా, మీ కోసం ఈ తలుపు తెరిచే ఉన్నది. తౌబా తలుపుకు వయోపరిమితి లేదు.

ఓ అల్లాహ్! మా బిడ్డల బుద్ధిని, ఆరోగ్యాన్ని కాపాడు. మా ఊళ్లలోని ఇరుగుపొరుగు బిడ్డలందరినీ కాపాడు. మా సంపాదనను హలాలు చేయి. ఈ వ్యసనంలో చిక్కుకున్నవారికి బయటపడే శక్తినివ్వు. వారి తల్లుల, భార్యల కన్నీటిని తుడువు. మా చేతులను చెడుకు సాయపడకుండా ఆపు. ఆమీన్.

వ ఆఖిరు దావానా అనిల్ హమ్దులిల్లాహి రబ్బిల్ ఆలమీన్.