పూర్వపక్షం చెప్పుకొన్న శాస్త్రం



పూర్వం ఈ మండపంలోనే ఒక ప్రవచనంలో, నేటి శాస్త్రజ్ఞులు చెప్పే విశ్వోత్పత్తి యావత్తూ మన అనేకకోటి బ్రహ్మాండాల మాటలోనే ఉన్నదని ధాటిగా పలికాను. సభ ముగిశాక భౌతికశాస్త్రం చదువుతున్న నా మనుమడు, "తాతగారూ, వారు చెప్పినదేమిటో చదివారా?" అని అడిగాడు. చదవలేదు. సిగ్గుపడి, వానివద్దనే శిష్యుడనై కూర్చున్నాను. గ్రహించినంత మనవి చేస్తాను.

గోడకు ఇవతలనున్న బంతి, తగినంత ఎత్తుకు ఎగరనిదే అవతల పడదు. పరమాణులోకంలో ఈ నియమం చెల్లదు. యురేనియం కేంద్రకంలోని ఆల్ఫా కణం, తన శక్తికి మించిన ప్రాకారాన్ని సైతం ఎప్పుడో ఒకప్పుడు దాటి వెలువడుతుంది. సొరంగంలో నుండి వచ్చినట్లుండే ఈ వింతకు క్వాంటం టన్నెలింగ్ అని పేరు. 1928లో జార్జి గామోవ్ దీనితోనే ఆల్ఫా కణాల ఉద్గారాన్ని వివరించారు.

1977లో సిడ్నీ కోల్మన్ ఈ న్యాయాన్ని శూన్యానికే అన్వయించారు. వారి లెక్కలో శూన్యానికీ శక్తి ఉంటుంది. కొండమీది గుంటలో నిలిచిన నీటివంటిది మిథ్యాశూన్యం. లోయ అడుగుకు చేరిన నీటివంటిది సత్యశూన్యం. కాగే నీటిలో ఆవిరిబుడగ పుట్టినట్లు, మిథ్యాశూన్యంలో టన్నెలింగ్ వలన సత్యశూన్యపు బుడగ పుట్టవచ్చును. దాని అంచు ఇంచుమించు కాంతివేగంతో వ్యాపిస్తుంది.

ఆదిలో విశ్వం మిథ్యాశూన్యదశలో ఉండి, క్షణంలో అత్యల్పభాగంలో అపారంగా విస్తరించిందనీ, ఇట్టి బుడగలు పుట్టి కలిసిపోవడంతో ఆ విస్తరణ ముగిసిందనీ 1981లో అలన్ గూత్ ప్రతిపాదించారు. అయితే బుడగలు పెరిగేకంటె త్వరగా వాటి నడిమి ఆకాశం పెరుగుతుంది. అవి సరిగా కలవవు. విశ్వం మనకు కనబడేటంత సమంగా ఏర్పడదు. ఈ దోషాన్ని గూత్ ఆ వ్యాసంలోనే స్వయంగా చెప్పి, సవరణ కావలెనని వ్రాశారు. 1982లో ఆండ్రీ లిండే, వేరుగా ఆల్‌బ్రెక్ట్, స్టైన్‌హార్ట్ సవరణ చూపారు: మనకు కనబడే విశ్వమంతా ఒకే బుడగలో ఇమిడియుండవచ్చునన్నారు. ఇతర బుడగలున్నవని నేటికీ ఋజువు కాలేదు.

పూర్వపక్షం లేని సిద్ధాంతం నిలువదని మా గురువులు చెప్పేవారు. తన వాదంపై బలమైన ఆక్షేపణను తానే ఎత్తి చూపాలి. తర్కపాఠంలో నేను నేర్చినదీ, వేదిక ఎక్కి మరచినదీ ఇదే. పురాణం మనకు భక్తిమార్గం చూపుతుంది. దాని గౌరవం నిలపడానికి ఇతరుల లెక్కలను మనవిగా చెప్పుకోనక్కరలేదు.

నాటి నా మాటను ఈ సభాముఖంగా ఉపసంహరించుకొంటున్నాను. స్వస్తి.