పాత చీరతో గోడ సంచి

బడి టైముకి ఒక సాక్సు దొరకదు, పొదుపు మీటింగు రోజున పాసుపుస్తకం దొరకదు. వెతుకుతూ ఉంటే కూలికి పోయే ఆటో వెళ్లిపోతుంది. అలాగని బీరువా కొందామంటే మళ్లీ అప్పు. ఇంట్లో గుడ్డతోనే గోడ సంచి కుట్టుకోవచ్చు.

పాత కాటన్ చీరను నాలుగు పొరలు వేసి, మీటరు పొడవు, ముప్పావు మీటరు వెడల్పు వచ్చేలా కత్తిరించి అంచులు కుట్టండి. పై అంచును గొట్టంలా మడిచి కుట్టి, వెదురు కర్ర దూర్చండి. కర్ర లేకపోతే బరువుకి నడుమ కుంగిపోతుంది. జేబులకు పాత ప్యాంటు గుడ్డ మేలు. జీన్స్ అయితే మిషనుకి 16 నంబరు సూది వేయండి, సన్న సూది విరుగుతుంది. జేబు గుడ్డ నాలుగు వేళ్లు ఎక్కువ వెడల్పు తీసుకుని అడుగున కుచ్చు పెట్టాలి. పొదుపు మనకు అలవాటే గానీ, ఇక్కడ గుడ్డ పొదుపు చేస్తే జేబులో చెయ్యి దూరదు!

కింది వరుస పిల్లలది. అందేలా కడితే వాళ్ల సాక్సులు, దువ్వెన వాళ్లే తీస్తారు, వాళ్లే పెడతారు. ఆడపిల్లలే కాదు, మగపిల్లలు కూడా. మందులు మాత్రం ఇందులో వద్దు. పాసుపుస్తకం, ఆధార్ కార్డులు పై వరుసలో, మూత ఉన్న జేబులో, ప్లాస్టిక్ కవరులో పెట్టండి. వానాకాలం గోడ చెమ్మెక్కుతుంది. ఆ జేబు ఇంటాయనకి కూడా చూపించండి, మీరు ఊళ్లో లేని రోజున కిస్తీ ఆగకుండా.