ఎముక అతికిన పిమ్మట ఆటకు

(తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



ఇట్టి సభలలో విద్యను గూర్చియు మాతృభాషను గూర్చియు ప్రసంగించువారు పెక్కురు గలరు. నేను ఎన్నుకొన్న విషయము చిన్నది. ఆటలో చేయియో కాలో విరిగిన బిడ్డ మరల ఆటస్థలమునకు ఎప్పుడు, ఏవిధముగా పోవలయును? చిన్న ప్రశ్నయే యైనను, చలికాలము వచ్చుసరికి కోవిల్పట్టిలోను విరుదునగరములోను పెక్కు ఇండ్లలో వాదమునకు కారణమగు ప్రశ్న ఇది.

మన చలికాలమున మంచు కురియదు. ఈశాన్య ఋతుపవనపు వానలు వెనుకబట్టి, ఎండవేడిమి తగ్గి, పిల్లలు చీకటిపడు వరకు ఆడుకొనుటకు అనువగు కాలమిది. కోవిల్పట్టి హాకీకి పేరుపొందిన ఊరు. కృత్రిమపు పచ్చిక పరచిన మైదానమచట గలదు. 2022వ సంవత్సరమున జకార్తాలో జరిగిన ఆసియా కప్పు పోటీలలో కంచుపతకము గెలిచిన భారతజట్టున ఆడిన మారీశ్వరన్ శక్తివేల్ ఈ ఊరివాడే. ఇట్టి చోట హాకీకర్రతో ఎన్నియో ఆశలు ముడివడి యుండును. క్రీడా వసతిగృహమున చోటు, కళాశాలలో ప్రవేశము, ఒక ఉద్యోగము! అందుచేతనే విరిగిన ఎముక విషయమున తొందర పుట్టును. "కట్టు విప్పినారు గదా, ఎంపికకు పోనిండు" అని బాలుడు పట్టుబట్టును. ఆడపిల్ల యైనచో దీనికి ప్రతిగా భయము పుట్టును. "రేపు పెండ్లి కావలసిన పిల్ల, ఇక ఆటలు చాలు" అని పెద్దలు కర్రను అటుకపై దాచుదురు. తొందరయు భయమును రెండును ఒక్క పొరపాటునుండియే పుట్టుచున్నవి. ఎముక అతుకుట వేరు. ఆటకు సిద్ధమగుట వేరు. ఈ రెండింటి నడుమనున్న కాలమును ఎట్లు గడుపవలయునో తెలిసినచో తొందరయు భయమును రెండును తగ్గును.

విరిగిన చోట మొదట నెత్తురు గడ్డకట్టును. రెండు మూడు వారములకు మెత్తని అతుకు ఏర్పడును. పిమ్మట అందులో సున్నపు లవణములు చేరి అది గట్టిపడును. పిల్లల ముంజేతి ఎముకకు సామాన్యముగా ఆరు వారములు పట్టును. పెద్దల మోకాలి దిగువ ఎముకకు మూడు నాలుగు నెలలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. అప్పుడు కట్టు విప్పుదురు గాని లోపలి పని ముగియదు. ఆ అతుకును చెక్కి సరిచేసి పూర్వరూపమునకు తెచ్చు పని నెలల తరబడి సాగుచునే యుండును. ఎముక తనపై పడు బరువునుబట్టి తన్ను తాను మలచుకొనునని 1892లో జూలియస్ వోల్ఫ్ అను జర్మను వైద్యుడు ప్రకటించెను. బొత్తిగా బరువు మోపనిచో ఎముక బలపడదు. ఒక్కసారిగా మోపినచో మరల విరుగవచ్చును. కావున బరువును క్రమక్రమముగా మోపుటయే మార్గము.

కట్టులోనున్న కాలమున కండయు కరగును, కీళ్లు బిగియును. రెండు పిక్కలను నూలుదారముతో కొలిచి చూచినచో భేదము మీకే తెలియును. కావున వైద్యుని అనుమతితో మెట్లు మెట్లుగా ఎక్కవలయును. మొదట కీలు నొప్పిలేక పూర్తిగా వంగి చాగవలయును. తరువాత కండకు బలము రావలయును. పిదప నడక, తిన్నని పరుగు, మలుపులతో పరుగు, ఒంటరిగా బంతితో సాధన, జట్టుతో సాధన. పోటీ కట్టకడపటిది. ఒక మెట్టు ఎక్కిన మరునాటి ఉదయమున వాపుగాని నొప్పిగాని లేనప్పుడే తరువాతి మెట్టు. ఒకరినొకరు తగులుకొను కబడ్డీవంటి ఆటలకు, కట్టు విప్పిన పిమ్మట మరికొన్ని వారములు ఆగుమని వైద్యులు చెప్పుదురు. అది ఎన్ని వారములో వారినే అడుగవలయును.

మన నేలను గూర్చి ఒక మాట. మన నల్లరేగడి వానలో పాదమునకు అంటుకొని జారును. ఆరినప్పుడు నెఱ్ఱెలు విచ్చును. కొత్తగా అతికిన చీలమండకు ఆ నెఱ్ఱెయే శత్రువు. మొదటి పరుగులు చదునైన చోట, మంచుతడి ఆరిన పిమ్మట సాగవలయును.

ఇక మన భాష ఇచట చేయు మేలు. బాధకు తెలుగున ఎన్ని మాటలు! పీకుట, సలుపు, పోటు, మంట, తిమ్మిరి. సాధన ముగిసిన సాయంకాలము కండ పీకి, మరునాటికి తగ్గినచో భయము లేదు. విరిగిన చోటనే పోటు పొడిచినను, రాత్రివేళ సలుపు నిద్ర చెరచినను ఆట ఆపి వైద్యుని చూపవలయును. కట్టు వేసియున్నప్పుడు వ్రేళ్లు ఉబ్బి, రంగు మారి, తిమ్మిరి యెక్కినచో గంటసేపైనను ఆలస్యము చేయరాదు. నెత్తుటి ప్రసారము నిలిచినచో అవయవమునకే ముప్పు. తమిళమునను ఇట్టి మాటలు గలవు. కాని జట్టునుండి తొలగింతురను భయమున మైదానమున బాధను దాచు బిడ్డ, తల్లి ఇంటిమాటలో అడిగినప్పుడు నిజము చెప్పును. కావున "నొప్పిగా ఉన్నదా?" అని విడువక, "పోటా, సలుపా, తిమ్మిరా?" అని అడుగుడు.

తిరుపతికి సమీపమున నున్న పుత్తూరు ఎముకల కట్టుకు ప్రసిద్ధి. తమిళదేశపు ఊళ్లలోను "పుత్తూరు కట్టు" అను బోర్డులు మనము చూచుచున్నాము. తెలుగునేల విద్య ఇంత దూరము వ్యాపించుట సంతోషకరమే. అయినను కట్టు ఎవరు కట్టినను, ఎదుగుచున్న బిడ్డకు ఎక్స్‌రే తీయించి ఎముకల వైద్యునకు చూపుట విధి. పిల్లల ఎముకల కొనలయందు పెరుగుదలకు ఆధారమగు మెత్తని పొర యుండును. అచట దెబ్బ తగిలినచో ఎముక వంకరగా పెరుగవచ్చును. విరిగిన మోచేతికి నూనె రాచి మర్దించుట ఎంతమాత్రము కూడదు. ఆహారమున పాలు, రాగులు, నువ్వులు, మునగాకు ఉండవలయును. ఒంటికి కొంత ఎండ తగులవలయును. మన కోవిల్పట్టి వేరుసెనగ మిఠాయి బలమునిచ్చును గాని, పాలకు బదులు కాజాలదు!

ఓర్పు పిరికితనము కాదనుటకు రెండు ఉదాహరణములు. మన తెలుగుబిడ్డ పి.వి. సింధు 2022 ఆగస్టున బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడలలో స్వర్ణము గెలిచెను. ఎడమ చీలమండ ఎముకలో చీలిక యున్నదని తెలియగా ఆ నెలలోనే జరిగిన ప్రపంచ పోటీలను వదలుకొని, 2023 జనవరిలో మరల ఆడెను. మొదటి ఆటలోనే ఓడెను. అయినను ఆట మానలేదు. ఆస్ట్రియా దేశపు మంచుజారుడు వీరుడు హెర్మన్ మైయర్‌కు 2001 ఆగస్టున మోటారుసైకిలు ప్రమాదమున కాలు నుగ్గయ్యెను. 2002 ఒలింపిక్కు క్రీడలు అతనికి దక్కలేదు. 2003 జనవరిలో మరల మంచుపై నిలిచి, ఆ నెలలోనే కిట్జ్‌బ్యూల్‌లో గెలిచెను. ఒక చలికాలము పోయినంత మాత్రమున ఆట పోలేదు.

తల్లిదండ్రులారా, మిమ్ము కోరునది మూడే. వైద్యుడు వ్రాసి యిచ్చిన చీటిని వ్యాయామోపాధ్యాయునకు చూపుడు. ఈ యేటి పోటీకై బిడ్డను తొందరపెట్టకుడు. భయమున వచ్చేయేటి పోటీని అతనికిగాని ఆమెకుగాని దూరము చేయకుడు. మెట్లెక్కు ఆ కొన్ని వారములు బిడ్డ వెంట మైదానపు గట్టున కూర్చుండుడు. మీరచట నుండుటయే ఆ బిడ్డకు ధైర్యము.