సైకిల్‌కీ ఒక దారి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"అమెరికా వెళ్లి కూడా సైకిలేమిట్రా?" అని పొద్దున్నుంచి చాలామంది అడిగారు. ఆ జవాబే ఈ నాలుగు మాటలు.

సియాటిల్ దగ్గర బోథెల్‌లో నా ఇల్లు, రెడ్మండ్‌లో ఆఫీసు. రెండింటినీ కలుపుతూ సమామిష్ నది గట్టున సుమారు 17 కిలోమీటర్ల బాట ఉంది. కార్లు రావు. నడిచేవాళ్లు, పసిపిల్లల బళ్లు తోసుకెళ్లే తల్లులు, సైకిళ్లు, అంతే. బాట చివర 640 ఎకరాల మేరీమూర్ పార్కు. ఆ దారిలోనే రోజూ ఎలక్ట్రిక్ సైకిల్ మీద ఆఫీసుకి వెళ్తాను.

ఇది మోపెడ్ కాదు. పెడల్ తొక్కితేనే మోటారు సాయం చేస్తుంది, తొక్కడం ఆపితే అదీ ఆపుతుంది. మేనమామ వెనక నుంచి సీటు పట్టుకుని తోసినట్టుంటుంది. ఎదురుగాలికీ, ఎత్తుకీ ఈ వయసులో మోకాళ్లు భయపడక్కర్లేదు. బ్యాటరీ నిండడానికి సుమారు అర యూనిట్ కరెంటు చాలు.

అయితే నాకు నచ్చింది బండి కన్నా ఆ బాట మర్యాద. అక్కడ గంటకి 15 మైళ్లు, అంటే 24 కిలోమీటర్లు దాటకూడదు. నా బండి అంతకన్నా వేగంగా పోగలదు, అయినా పోనివ్వను. ముందు ఎవరైనా నడుస్తుంటే గంట కొట్టి, నెమ్మదించి, పక్కనుంచి దాటాలి. బలమున్నవాడే ఆగాలి. హైవే మీద దీనికి తలకిందులుగా జరుగుతుంది.

ఇక మన ఊరి సంగతి. ఉపమాక నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి కేరేజీ హ్యాండిల్‌కి తగిలించుకుని, వెనక ఇంకొకణ్ణి ఎక్కించుకుని బడికొచ్చిన వాళ్లం మనం. అప్పటి ఐదో నంబరు హైవే ఇప్పుడు పదహారో నంబరైంది, వెడల్పైంది. నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. పరిశ్రమలు రావాలి, మన పిల్లలకి ఉద్యోగాలు కావాలి. వాటితో పాటు లారీలూ వస్తాయి. ఆ లారీల పక్కన, తెల్లగీత అంచున, ఎనిమిదో తరగతి పిల్ల సైకిల్ తొక్కాలి. నా బెంగ అదే.

రోడ్లు వేశాక సైకిల్‌కి చోటు వెతకడం కష్టం. గీత గీసేటప్పుడే అడగాలి. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌర ఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో వచ్చింది. మనకి అంత హంగు అక్కర్లేదు. చెరువు గట్టో, కాలవ గట్టో చదును చేసి, వరసగా వేపమొక్కలు నాటి, నాలుగు దీపాలు పెడితే చాలు. మన మాస్టార్లకీ పనికొస్తుంది. 250 వాట్ల లోపు మోటారుతో, 25 కిలోమీటర్ల వేగం మించని ఎలక్ట్రిక్ సైకిల్‌కి మన దేశంలో లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కర్లేదు.

మన సంఘానికి ఒక్కటే మనవి. ఏ ఊరి నుంచి ఎంతమంది పిల్లలు, ఏ దారిన, హైవే ఎక్కడ దాటి వస్తున్నారో ముందు లెక్క తీద్దాం. ఆ కాగితం పట్టుకుని పంచాయతీకి, కలెక్టరుగారికి వినతిపత్రం ఇద్దాం. లెక్కకయ్యే ఖర్చు నాది. తిరగడానికి మనుషుల్ని మీరివ్వండి.