నాణెముల సాక్ష్యము



మాది వెంకటగిరికోట. ఆంధ్ర, కర్ణాట, తమిళ దేశములు మూఁడును చేరువగా కూడు సీమ యది. దున్నునపుడు పాతనాణెము దొరకినచో, దాని తూకమెంతయని కంసాలి యడుగును. అది దొరకిన చోటేది, దానితోఁగూడ మఱేమి దొరకినదని నే నడుగుదును. మొదటి ప్రశ్నతోనే నాణెము మూసకుఁ బోయెనా, రెండవ ప్రశ్నకు సమాధానము మఱి లేదు.

మైసూరు నేలిన హైదరాలీ 1782 డిసెంబరు 7వ తేదీన మా చిత్తూరుసీమలోనే కన్నుమూసెను. ఆయన బంగారు వరాహపై నొకవైపున ఉమామహేశ్వరులు, మఱియొకవైపున ఆయన పేరి తొలి పారసీకాక్షరము కలవు. వర్తకులకు అలవాటైన రూపమును చెఱుపుటకంటె నిలుపుటయే మేలని ఆ ప్రభువు తలఁచెను కాఁబోలు. గోదావరి యొడ్డున కోటిలింగాలలో చిముకుని పేరుగల నాణెములు దొరకినవి. పరబ్రహ్మశాస్త్రిగారు వానిని పరిశీలించి ప్రకటించిరి. అవి ఆచోటనే దొరకినవని తెలియుటచేతనే, తొలి శాతవాహనులకు తెలంగాణముతోఁ గల సంబంధమును గూర్చి పండితులు వాదింపఁగలిగిరి. ఊరుపేరు లేక అంగడికి వచ్చియున్నచో ఆ వాదమునకు ఆధార మెక్కడిది?

ఇట్టి విద్యకై 1910లో అలహాబాదున భారతీయ నాణకశాస్త్ర పరిషత్తు వెలసెను. 1939లో అది తన పత్రికను ఆరంభించెను. దాని కార్యస్థానము కాశీ హిందూ విశ్వవిద్యాలయమున నున్నది. దక్షిణభారత నాణక పరిషత్తు మన ప్రాంతపు నాణెములపై వ్యాససంపుటములను వెలువరించినది. ఒకరి పెట్టెలోని నాణెమున నరిగిన యక్షరము వేఱొకరి నాణెమున నిలిచి యుండును. రెంటిని ప్రక్కప్రక్కల నుంచినఁగాని పేరు పూర్తికాదు. సంఘమువలని పరమప్రయోజన మిదియే.

దొరకినది చెప్పినచో సర్కారు లాగుకొనునని మనవారి భయము. 1878నాటి నిక్షేపముల చట్టము అట్లు చెప్పలేదు. పదిరూపాయలకు మించిన నిక్షేపము దొరకినవాఁడు కలెక్టరునకు తెలుపవలెను. స్వంతదారు లేఁడని తేలినపుడు, వేఱొడంబడిక లేనిచో, దొరకినవానికి మూఁడుపాళ్లు, భూస్వామికి ఒకపాలు చెందును. సర్కారే తీసికొనఁదలఁచినచో లోహపు వెలకు అయిదవవంతు చేర్చి యీయవలెను. దాఁచినవానికి తన భాగము పోవుటయేగాక శిక్షయుఁ గలదు.

కావున ప్రతి గ్రామమునను ఉపాధ్యాయుఁడొకఁడు, కంసాలియొకఁడు, రైతొకఁడు కలిసి యొక చిన్న పుస్తకము నుంచుకొనుఁడు. దొరకిన చోటు, దినము, తూకము, పైనున్న బొమ్మ వ్రాసి యుంచుఁడు. బంగారము ఎప్పుడైనను కొనవచ్చును. కరఁగిన యక్షరమును మాత్రము ఏ ధనమును మరల తెచ్చియీఁజాలదు.